తెరకు ఇవతల నలుగురం

ఆ శుక్రవారం ఒమాన్‌లో, మస్కట్ పక్కనున్న సీబ్ నుంచి నిజ్వాకు బయల్దేరిన వ్యానులో ఉన్నవాళ్లం ఐదుగురం. కీబోర్డు వాయించే గోవా అంకుల్ ముందు సీట్లో. బ్యాండుకు పెద్ద ఆయనే. డ్రమ్స్ వాయించే హైదరాబాద్ భాయ్ స్టీరింగు దగ్గర, ఎందుకంటే వారంలో మిగతా రోజులు ఆయన కంపెనీ డ్రైవరు. ట్రంపెట్ ఊదే కడప అన్న, టైల్స్ మేస్త్రీ, మధ్య సీట్లో కిటికీ పక్కన. ఆయన పక్కన, మా బ్యాండులో పాడే అక్క. వెనక సామాన్ల మధ్య, బేస్ గిటారును ఒళ్లో పెట్టుకుని నేను. నాది ఏసీల కంపెనీలో ఉద్యోగం. ఊరు కరీంనగర్ పక్కన.

సామాను: పెద్ద స్పీకర్లు రెండు, చిన్నవి రెండు. మిక్సర్. ఆంప్లిఫయర్. డ్రమ్స్ సెట్టు మొత్తం, అందులో పెద్ద డ్రమ్ము కడుపులో మోత తగ్గించడానికి కుక్కిన పాత దిండు. మైకులు నాలుగు. వైర్ల పెట్టె. హ్యాంగరుకు వేలాడుతున్న అంకుల్ గారి ఇస్త్రీ చొక్కా. ఇవి కాక నేను స్కేలు పెట్టి గీసిన స్టేజీ ప్లాను. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ వైరు ఎటునుంచి పోవాలి, అన్నీ కొలతలతో సహా వేశాను. అక్కడికి వెళ్లాక అందులో ఒక్క గీత కూడా పనికిరాలేదు.

మేము పాడేవి సోల్ పాటలు. అమెరికాలో నల్లజాతివాళ్లు పాడిన పాత పాటలు. చర్చిలో దేవుణ్ణి పిలిచినట్టే వాటిలో ప్రియుణ్ణి పిలుస్తారు, అలిగిన మనిషిని బతిమాలతారు, గొంతు దాచుకోకుండా ఏడుస్తారు, అదే గొంతుతో గంతులేయిస్తారు. గోవా అంకుల్ కుర్రతనంలో బొంబాయి హోటళ్లలో ఈ పాటలే వాయించేవాడట. మస్కట్‌లో ఒక హోటలు స్టోర్సులో గుమాస్తాగా చేరాక, చేతులు ఊరుకోక మమ్మల్ని ఒక్కొక్కళ్లనే పోగుచేశాడు. కడప అన్న ఇంటిదగ్గర పెళ్లి బ్యాండుమేళంలో ట్రంపెట్ ఊదినవాడు. ఏ పాటైనా ఒకసారి వింటే పట్టేస్తాడు, కాకపోతే ఊరేగింపులో ఊదినంత గట్టిగా ఊదుతాడు. "ఇదర్ బారాత్ నహీ హై, మాన్," అని అంకుల్ ప్రతి ప్రాక్టీసులోనూ ఒకసారైనా అనేవాడు. "మీరు పెండ్లికొడుకు మాదిరి తయారై వస్తే నాకు బారాతే గుర్తొస్తాంది గదా సార్," అని అన్న ఇస్త్రీ చొక్కా వైపు చూసేవాడు.

అక్కది గోదావరి జిల్లా. సీబ్‌లో ఒక ఒమానీ కుటుంబంలో ఇంటిపని. చర్చిలో శుక్రవారం ప్రార్థనలో ఆమె గొంతు విని అంకుల్ వెంటపడ్డాడు. "నాకు ఇంగిలీసు రాదండి," అంది ఆమె. పాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసిచ్చే పని నాకు పడింది. రాసిస్తే సరిపోలేదు. ప్రతి పాటకూ ముందు అర్థం చెప్పాలి. అర్థం తెలియకుండా నోరు తెరిచేది కాదు.

"ఈవిడికి ఎవరిమీద కోపం తమ్ముడూ?"

"మొగుని మీద అక్కా. ఇంటికొస్తలేడంట."

"ఆయ్. అయితే పాడేత్తాను."

పాడిందంటే హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయేది.

మా బ్యాండు పనిచేసే పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సోల్ పాటకు కొలత ఉండదు. పాడేవాళ్లకు ఊపొస్తే ఒక లైను నాలుగుసార్లు తిప్పుతారు, లేకపోతే ఒకసారితో వదిలేస్తారు. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో వాయించేవాళ్లకు పాడేవాళ్లే చెప్పాలి. అక్క జనంవైపు నిలబడి, ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకునేది. వేలు తిప్పితే మళ్లీ. అరచెయ్యి చాపితే మెల్లగా. పిడికిలి బిగిస్తే ఆపెయ్యాలి. నలుగురం పాటంతా ఆ చెయ్యే చూస్తూ వాయించేవాళ్లం. ముందువైపు నుంచి చూసేవాళ్లకు ఆమె చేతులు కట్టుకుని వినయంగా నిలబడినట్టు కనిపించేది. వెనకనుంచి ఆమె మాకు మేస్త్రీ.

అలా సోహార్‌లో ఫ్యాక్టరీ వాళ్ల ఫ్యామిలీ డేకి వాయించాం. సూర్‌లో సముద్రం పక్కన రిసార్టులో వాయించాం. బహ్లాలో ఒక సైట్ క్యాంపులో వాయిస్తే, సినిమా పాటలు కావాలని అరిచినవాళ్లే రెండో పాటకి లుంగీలు బిగించి లేచారు. మాకు దీంట్లో జీతం లేదు. భోజనం, డీజిలు పిలిచినవాళ్లవి. వారమంతా కంప్రెసర్ల మోత విన్న చెవులకు శుక్రవారం వేరే మోత దొరికేది, నాకు అంతే కావాలి.

మస్కట్‌ను తుఫాను ముంచెత్తిన మరుసటి ఏడాది, వేసవి దాటాక, అక్క యజమానురాలు ఆమె శుక్రవారాలు ఆపేసింది. పక్క విల్లావాళ్లెవరో, మీ పనిమనిషి మగవాళ్లతో వ్యానులో ఊళ్లు తిరుగుతోంది అన్నారట. యజమానురాలు చెడ్డదేం కాదు. అక్కను చూసుకునే బాధ్యత వీసా కాగితం మీద ఆమెది. రేపు ఏమైనా జరిగితే అడిగేది ఆమెనే. అక్క లేకుండా రెండు ప్రోగ్రాములు చేశాం. అక్క పాటలు అంకుల్ పాడాడు. మొగుడి మీద కోపంగా ఉన్న పాట ఆయన పాడుతుంటే సోహార్‌లో ఒక పిల్లాడు వాళ్లమ్మను ఏదో అడిగాడు, ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

ఆ రోజుల్లో అక్క ఫోనులో నాతో అన్నమాట ఇది: "వారవంతా ఆ ఇంట్లో నన్ను పిలిత్తే పనికే తమ్ముడూ. తప్పని నేనన్ను. శుక్రవారం మాత్రం పాటకి పిలిచేవోరు. అదొక్కటీ పోతే ఇంక నేనిక్కడ చీపురుతో సమానం."

అప్పుడు యజమానురాలి మేనకోడలి పెళ్లి కుదిరింది. ఆ అమ్మాయి ఇంగ్లండులో చదువుకుని వచ్చింది, అక్కడ ఈ పాటలకు అలవాటుపడింది. మేనత్త ఇంట్లో పనిచేసే మనిషి ఇవే పాడుతుందని తెలిసి, నా పెళ్లి విందులో ఆమే పాడాలి అని పట్టుబట్టింది. యజమానురాలు సరేనని, ఆ ఒక్కరోజుకు మా వ్యానులో వెళ్లనిచ్చి, ఒక షరతు పెట్టింది. మా వాళ్లందరి మధ్య కూర్చుని నేనే వింటాను. మర్యాదగా ఉంటే నీ శుక్రవారాలు నీకు. లేకపోతే ఇంకెప్పుడూ అడగొద్దు.

అందుకే నిజ్వా దారంతా అక్క పాటల కాగితాలే చూసుకుంటూ కూర్చుంది. కొండల మధ్య రోడ్డు వంపు తిరిగినప్పుడల్లా భాయ్ అద్దంలోంచి ఆమెను చూసి ఏదో ఒక జోకు వేసేవాడు. ఆమె "ఊ" అనేది.

హాలు దగ్గర పెళ్లికూతురి తమ్ముడు ఎదురొచ్చి మమ్మల్ని పక్కనున్న గదిలోకి తీసుకెళ్లాడు. గదికీ హాలుకీ మధ్య వెడల్పాటి గుమ్మం. గుమ్మానికి ముదురు ఎరుపు తెర, నేలదాకా. "మీరు ఇక్కడ," అన్నాడు. నేను ప్లాను తీసి స్టేజీ ఎక్కడని అడిగాను. "స్టేజీ అటు. అటంతా ఆడవాళ్లు." చెప్పి, నా చేతిలో కాగితాన్ని జాలిగా చూసి వెళ్లిపోయాడు.

నేను భాయ్ వైపు తిరిగాను.

"భాయ్, నీకిది ఎరుకేనా?"

"ఎరుకనే."

"మరి చెప్పకపోతివి?"

"అరే, ఆడోళ్ల దావత్ల మొగోళ్లను ఎవడు రానిస్తడు రా? గది గూడ చెప్పాల్నా? నువ్వు స్కేలు వెట్టి గీస్తుంటే, పడా లిఖా ఆద్మీ, ఏదో హిసాబ్ ఉంటది అనుకున్న."

కడప అన్న అప్పటికే ట్రంపెట్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. "మా కాడ పెండ్లిలో బ్యాండోల్లని పందిట్లోకే రానీరు. ఈడ ఏసీ గది ఇచ్చినారు. ఇంగేం గావల్ల మీకు?"

అక్క మాత్రం స్పీకరు పెట్టె మీద కూలబడింది. ఆమెకు ముందుగా తట్టింది మాకు తట్టలేదు. "అటేపు నేనొక్కదాన్నే నిలబడితే నా చెయ్యి మీకెలా కనపడతాదండి?" అంది. నలుగురం తెరవైపు చూశాం. "నావల్ల కాదు. మామకి చెప్పేయండి, గొంతు పట్టేసిందని." గల్ఫ్ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామ అనే పిలుస్తారు.

"గొంతు పట్టేసింది అంటే శుక్రవారాలు పోయినట్టే అక్కా," అన్నాను.

"అక్కడ నిలబడి నేనొకటీ మీరొకటీ పాడితే ఉంటాయేంటి?"

నేను వైర్ల పెట్టె తెరిచి, ఒక స్విచ్చు, ఒక బల్బు, ఆమె చేతికి స్విచ్చు ఇచ్చి ఇటువైపు బల్బు పెడితే ఎలా ఉంటుందో వివరించడం మొదలుపెట్టాను. అన్న మధ్యలోనే అడ్డం వచ్చాడు. "ఊదేటప్పుడు నేను కండ్లు మూసుకుంటా. నీ బల్బు ఎవురు జూస్తారు?" తర్వాత తాపీగా అన్నాడు: "అక్కా, పాటలోనే చెప్పరాదా. ఆడ తెలుగు ఎవురికొచ్చు?"

పాటలోనే చెప్పడమంటే, ఇంగ్లీషు లైను మధ్యలో రాగం తీస్తూ మాకు తెలుగులో ఆర్డరు వెయ్యడం. సోల్ పాటలో పాడేవాళ్లు మధ్యమధ్యన ఏవేవో కేకలు, మూలుగులు కలుపుతూనే ఉంటారు. అందులో ఇదొకటి. మూడు మాటలు అనుకున్నాం. ఇంకోసారి. మెల్లగా. చాలు. అంకుల్‌కు తెలుగు అంతంతమాత్రమే కాబట్టి ఆయనకు వాటిని నేర్పించాం. 'మెల్లగా' త్వరగానే వచ్చింది. 'ఇంకోసారి' నాలుగుసార్లు అనిపించాల్సి వచ్చింది.

"ప్రభువా," అంది అక్క. "ఏ పాటలో 'చాలు' ఎక్కడ పెట్టాలో." కానీ లేచి చీర సర్దుకుంది. పెళ్లివాళ్లు ఆమెకు జరీ అంచు ఒమానీ గౌను, మీద వేసుకోవడానికి పల్చటి పైట ఇచ్చి తీసుకెళ్లారు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక హాలు నిండింది. మాకు కనిపించదు గానీ వినిపిస్తుంది: గాజులు, పిల్లలు, కుర్చీలు. అగరు పొగ తెర కిందినుంచి వచ్చింది. ఆ గుమ్మంలో, సరిగ్గా తెర అంచున, కుర్చీ వేసుకుని ఒక ముసలావిడ కూర్చుంది. అక్క యజమానురాలి తల్లి. మేము అటు తొంగిచూడకుండా, అటు పిల్లలు ఇటు రాకుండా కాపలా. చేతిలో వెండి పొన్ను కర్ర. రాగానే మా నలుగురి ఫోన్లూ పళ్లెంలో పెట్టించుకుని, కెమెరాలుంటాయి కదా, పళ్లెం కుర్చీ కిందికి నెట్టింది. తర్వాత అదే మనిషి మాకు కాఫీ పోసి, ఖర్జూరాలూ హల్వా తినమంది. భాయ్‌కి అరబీ బాగా వచ్చు. ఆవిడ ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న, గిటారు పట్టుకున్న ఆ సన్నటివాడికి పెళ్లయిందా అని.

మొదటి పాట మొదలైంది. అక్క గొంతు నేను మా పక్కన పెట్టిన చిన్న స్పీకర్లోంచి వస్తోంది. మొదటి రెండు లైన్లు వణికింది. మూడో లైనులో, అంతా ఇంగ్లీషే అన్నంత సహజంగా, "మె...ల్లగా..." అని జారింది. భాయ్ కర్రలు తేలికచేశాడు, నేను రెండు తీగలకు తగ్గాను, అన్న ఊదడం ఆపి నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. "చా...లూ" అన్నచోట ఆగాం. అవతల ఆడవాళ్లు నాలుక తిప్పుతూ కూత వేశారు. ఆ దేశంలో పెళ్లి సంతోషానికి అదే గుర్తు. అంకుల్ రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. రెండో పాటా అలాగే దిగింది.

మూడోది గంతులేయించే పాట. అక్కకు ఊపొచ్చింది. "ఇంకోసారీ" అంది. మేం తిప్పాం. మళ్లీ "ఇంకోసారీ". మళ్లీ తిప్పాం. ఇక్కడ మేం లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. ఈ పాటల్లో పాడేవాళ్లు ఒక మాట విసిరితే వినేవాళ్లు దాన్ని తిరిగి విసరాలి. ఇంగ్లండులో చదివిన పెళ్లికూతురికి ఆ సంగతి తెలుసు. ఆమె లేచి రెండో మైకు అందుకుంది. అక్క "ఇంకోసారీ" అనగానే ఆమె "ఇంకోసారీ" అంది. ఆమె వెనక హాలంతా "ఇంకోసారీ" అంది.

మేము తెరకు ఇవతల ఉన్నాం. ఇంకోసారి అని వినబడితే తిప్పాలి. తిప్పాం.

వాళ్లు మళ్లీ అన్నారు. తిప్పాం. అక్క "చాలూ" అని పాడింది, కానీ అప్పటికి మూడొందలమంది ఆడవాళ్లకు మొదటి మాట నచ్చేసింది. ఆమె చాలు అంటే వాళ్లు ఇంకోసారి అన్నారు. ఆఖరున విన్న మాటే లెక్క అని, ఆ మూడు మాటలూ నేర్చుకున్నప్పుడు అంకుల్ పెట్టిన నియమం. ఆఖరున వినబడేది ప్రతిసారీ వాళ్ల మాటే. అన్న పెదాలు ఉబ్బాయి. భాయ్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. "కిత్తే బార్ రే? షాదీ ఖతమ్ అయితదా లేదా?" అన్నాడు. "ఆమె అడుగుతుంది కదా," అన్నాను. "ఆమె కాదు రా, హాల్ అడుగుతాంది." మేమిద్దరం వాదించుకుంటూనే వాయిస్తున్నాం. స్పీకర్లో అక్క గొంతు రాగం తప్పకుండా ఇలా వచ్చింది:

"చాలు బాబూ చాలూ... ఓరి నాయనో... ఆపండ్రా..."

హాలు ఒక్కక్షణం తటపటాయించి, "ఆపన్రా" అనడానికి ప్రయత్నించింది. అది మా మూడు మాటల్లో లేదు. అంకుల్ మరోసారి తిప్పాడు.

ముసలావిడకు తెర రెండువైపులా కనిపిస్తోంది. అటు చూసింది. ఇటు చూసింది. అటు అక్క ముఖంలో ఏం కనిపించిందో గానీ, కర్రను నేలకు ఒకసారి కొట్టి, పెద్దగా అరవకుండానే ఒక్కమాట అంది.

"ఖలాస్."

నలుగురం ఆగిపోయాం. నాలుగు చేతులూ ఒకేసారి, కత్తితో కోసినట్టు. గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. మిగతావాళ్లకు: అయిపోయింది అని ఆ మాటకు అర్థం. సాయంత్రం సైట్‌లో ఫోర్మన్ ఆ మాట అంటే తాపీ గాల్లోనే ఆగుతుంది, నట్టు సగం బిగిసి ఆగుతుంది. డ్యూటీ దిగే మాట అది. ఏళ్ల తరబడి మా చేతులు వినేది దాన్నే. అప్పటిదాకా మా బ్యాండు ఏ పాటనూ కలిసి ముగించలేదు. అన్న ట్రంపెట్ ఎప్పుడూ కొంచెం మిగిలేది. ఆరోజు ఏమీ మిగలలేదు.

హాల్లో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి మైకులోంచి అక్క నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకుని ఆపుకోలేక వచ్చే నవ్వు. "మీ దుంపతెగ," అంది మైకులోనే. అదీ పాటలో భాగమే అనుకుని హాలంతా కూత వేసింది. ఆ కూతకు మా గదిలో సీలింగు పలకలు అదిరాయి. నేను ఏసీవాణ్ణి, పలకలు అదిరితే నాకు తెలుస్తుంది.

ఆ తర్వాత పాటల ముగింపులన్నీ ముసలావిడ చేతిలోకి వెళ్లిపోయాయి. ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది. అక్క అటునుంచి ఆవిడవైపు చూసేది, ఆవిడ మావైపు తిరిగి ఖలాస్ అనేది. ఒక పాట ఆవిడకు నచ్చలేదు, మొదటి చరణానికే ఖలాస్ చేసింది. ఇంకో పాటను ఎంతకీ వదల్లేదు, కర్రతో నేలమీద భాయ్‌కి తాళం వేసి చూపించింది కూడా. భాయ్ ఆ తాళమే పట్టుకున్నాడు. అది ముందుదానికంటే బాగుంది.

చివరి పాటయ్యాక అక్క యజమానురాలు గుమ్మం దగ్గరికొచ్చింది. పక్కన అక్క, చెమటకు పైట మెడకు అతుక్కుపోయి, తలొంచుకుని. మేం వైర్లు చుడుతున్నట్టు నటించాం. చుట్టిన వైరునే నేను విప్పి మళ్లీ చుట్టాను. యజమానురాలు ముందు తల్లిని అడిగింది. ముసలావిడ చాలాసేపు జవాబు చెప్పింది. భాయ్ నా చెవిలో అనువాదం చేశాడు.

"మంచిగ పాడింది అంటాంది. పిల్ల తల దించుకోకుంట పాడింది అంటాంది. గానీ వీళ్లకు ఆపేటోళ్లు లేరంట. పెద్ద దిక్కు ఒకరు ఉండాలంట."

యజమానురాలు మావైపు తిరిగింది. హిందీ, అరబీ కలిపి మాట్లాడింది. శుక్రవారాలు అక్కవే. ఒక ఏర్పాటు మాత్రం ఉంది: వ్యానులో తన తల్లి కూడా వస్తుంది. "నేను చెప్పలేదు, ఆమే వస్తానంటోంది. మా అమ్మ పక్కన ఉంటే ఎవరూ ఏమీ అనరు." ఆపైన, "ముందు సీటు ఆమెకివ్వండి, మోకాళ్ల నొప్పి," అంది. అంకుల్ తన ఇస్త్రీ చొక్కా వైపు చూసుకుని, "ష్యూర్, మేడమ్," అన్నాడు.

అక్క ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె వచ్చి స్పీకరు పెట్టె మీద కూర్చుని, చెప్పులు విప్పి, "తమ్ముడూ, అన్నం ఎక్కడ పెడతన్నారో చూసి నాకో ప్లేటు తే. పొద్దున్నించీ ముద్ద దిగలేదు," అంది. మాంసం, అన్నం పెద్ద పళ్లెంలో వచ్చాయి. ఆమె తింటుంటే మేం కూడా తిన్నాం. "అంకులుగారూ, ఇంకోసారీ అనండి," అని ఆమె, "నో మోర్," అని ఆయన.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. ముందు సీట్లో ఆ ముసలావిడ, మాకిప్పుడు అవ్వ. అంకుల్ వెనక నాతో, వైర్ల పెట్టె మీద. బార్లున్న హోటళ్లు వద్దని అవ్వ చెప్పింది, వాటిని వదులుకున్నాం. బదులుగా పెళ్లిళ్లు వచ్చాయి, ఆ నిజ్వా హాల్లో విన్నవాళ్ల చుట్టాలవి, తెర పెట్టి. తెర లేనిచోట్ల అక్క మళ్లీ చెయ్యి వెనక్కి పెట్టుకునేది, మేం ఆ చెయ్యే చూసేవాళ్లం. సూర్‌లో సముద్రం దగ్గర అవ్వ పాట మధ్యలో కునుకు తీసి, సరిగ్గా ముగింపుకు లేచి ఖలాస్ అనేది. పక్క విల్లావాళ్లు తమ అమ్మాయి పెళ్లికి మమ్మల్నే పిలిచారు.

భాయ్ ఇండియా వెళ్లిపోయేదాకా బ్యాండు నడిచింది. నిజ్వా తర్వాత ఇచ్చిన ప్రోగ్రాములు ఇరవై మూడు. అక్క పాడినవి ఇరవై మూడు.